కలకత్తా ఏషియాటిక్ సొసైటీ: పేర్ల చిక్కు, ఏళ్ళ లెక్క, తెలుగువాళ్ళ జాడ

మీరు అడిగినవి మూడు. ఆసియా చరిత్ర, భాషలు, ప్రకృతి మీద పరిశోధనకు పుట్టిన ఈ సొసైటీ 1784లో మొదలైందని ఒక పుస్తకం, 1832 అని మరొకటి, 1823 అని ఇంకొకటి అంటున్నాయి, ఏది నమ్మాలి? ఒకే వ్యాసానికి రెండు మూడు సంవత్సరాలు, వేరువేరు పుట సంఖ్యలు ఎందుకు కనిపిస్తున్నాయి? 1829 దాకా భారతీయులకు సభ్యత్వమే లేదంటున్నారు, మరి ఇందులో తెలుగువాళ్ళ పాత్ర వెతకడంలో అర్థముందా? మూడోదానికి జవాబు చెప్పాలంటే మొదటి రెండూ తేలాలి. అందుకే ఆ వరసలోనే రాస్తున్నాను.

ముందు పేర్లు. కలకత్తా ఫోర్ట్ విలియంలోని సుప్రీంకోర్టులో గ్రాండ్ జ్యూరీ గది అని ఒకటి ఉండేది. 1784 జనవరి 15న ఆ గదిలో 30 మంది యూరోపియన్లు సమావేశమయ్యారు. పిలిచింది ఆ కోర్టు జడ్జి విలియం జోన్స్. అధ్యక్షత గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌కు ఇవ్వజూపితే ఆయన వద్దన్నాడు, జోన్స్ అధ్యక్షుడై 1794 ఏప్రిల్‌లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. అప్పటి పేరు 'ఏషియాటిక్ సొసైటీ', అంతే. ఇంగ్లీషులో చివర ఒక 'కె' అక్షరం అదనంగా ఉండేది, 1825లో దాన్ని తీసేశారు. 1832లో జేమ్స్ ప్రిన్సెప్ నెలనెలా వచ్చే జర్నల్ మొదలుపెట్టి దాని ముఖపత్రం మీద 'ఏషియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్' అని వేశాడు. జర్నల్ పేరే క్రమంగా సంఘం పేరయింది. మీరు చూసిన 1832 ఇక్కడిది. అది జర్నల్ పుట్టిన ఏడు, సంఘం పుట్టిన ఏడు కాదు. 1936లో 'రాయల్' చేరింది, 1951 జూలైలో 'రాయల్', 'బెంగాల్' రెండూ పోయి మళ్ళీ ఒట్టి ఏషియాటిక్ సొసైటీ అయింది. 200 ఏళ్ళు నిండిన 1984లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది.

1823 పూర్తిగా వేరే సంఘానిది. కలకత్తాలో దశాబ్దాల పాటు పనిచేసిన హెన్రీ కోల్‌బ్రూక్ ఇంగ్లండు వెళ్ళాక లండన్‌లో స్థాపించిన సంఘం అది. 1824లో ఇంగ్లండు రాజు అనుమతి పత్రం (రాయల్ చార్టర్) పొంది 'రాయల్ ఏషియాటిక్ సొసైటీ' అయింది. బొంబాయిలో 1804 నుంచి ఉన్న సాహిత్య సంఘం, మద్రాసులో 1812 నుంచి ఉన్న లిటరరీ సొసైటీ లండన్ సంఘానికి అనుబంధాలుగా చేరాయి. కలకత్తా సంఘం మాత్రం అలా చేరలేదు. కాబట్టి 1936కు ముందు రాసిన దేంట్లోనైనా 'రాయల్' కనిపిస్తే అది కలకత్తాది కాదని గట్టిగా అనుకోవచ్చు. 1936–1951 మధ్యదైతే వెనక 'ఆఫ్ బెంగాల్' ఉందో లేదో చూడాలి. తెలుగు వ్యాసాల్లో 'రాయల్ ఏషియాటిక్ సొసైటీ జర్నల్' అని రాసి కలకత్తా జర్నల్ పుట సంఖ్య ఇవ్వడం తరచూ జరిగే తప్పు. దాని వెంట పోయినవాళ్ళు లండన్ జర్నల్ తిరగేసి ఏమీ దొరక్క విసిగిపోతారు.

ఇక సంవత్సరాల సంగతి. సంఘం ప్రచురణల్లో మొదటిది 'ఏషియాటిక్ రీసెర్చెస్'. 1788లో మొదటి సంపుటం, 1839లో ఇరవయ్యో సంపుటం రెండో భాగంతో ముగింపు. ఇందులో నాలుగు చోట్ల కాలు జారుతుంది.

ఒకటి, చదివిన తేదీ వేరు, అచ్చయిన ఏడు వేరు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని జోన్స్ అన్న ఉపన్యాసం 1786 ఫిబ్రవరి 2న చదివాడు, అచ్చయింది 1788 సంపుటంలో. రెండూ రాయాలి. దాన్ని 'మూడో వార్షికోపన్యాసం' అంటారు. 1784లో మొదలైన సంఘానికి 1786 ఫిబ్రవరిలో మూడో వార్షికోత్సవం ఎలా వస్తుందని లెక్కపెట్టి, తేదీని 1787గా 'సవరించిన' వాళ్ళున్నారు. అలా సవరించకండి. ప్రారంభోపన్యాసాన్ని మొదటిదిగా లెక్కించారు కాబట్టి 1785ది రెండోది, 1786ది మూడోది అయింది.

రెండు, కలకత్తా ముద్రణ వేరు, లండన్ ముద్రణ వేరు. సంపుటాలకు గిరాకీ పెరిగి లండన్‌లో సంఘం అనుమతి లేకుండానే మళ్ళీ అచ్చువేశారు. ఏళ్ళు మారాయి, చాలాచోట్ల పుటలూ మారాయి. ఉదాహరణకు 9వ సంపుటం కలకత్తాలో 1807, లండన్‌లో 1809. స్కాన్‌లో ఏది దొరికితే దాని ముఖపత్రం చూసి, ఊరి పేరుతో సహా రాసుకోండి. ఊరు రాయకపోతే మీ పుట సంఖ్య ఇంకొకరికి పనికిరాదు.

మూడు, ఆ కాలపు అచ్చులో 'ఎస్' అక్షరం పదం మొదట్లో, మధ్యలో 'ఎఫ్' లాగా పొడవుగా ఉంటుంది. కంప్యూటరు దాన్ని 'ఎఫ్' అనే చదువుతుంది. మీరు 'సాన్‌స్క్రిట్' అని వెతికితే రాదు, 'సాన్‌ఫ్‌క్రిట్' అన్న అక్షరక్రమంతో వెతికితే వస్తుంది. 18వ శతాబ్దపు సంపుటాలకు ప్రతి పదాన్నీ ఇలా రెండు రకాలుగా వెతకాలి.

నాలుగోది 1832 జర్నల్‌కు సంబంధించింది. 1865 నుంచి ఒక్కో సంపుటాన్ని భాగాలుగా విడగొట్టారు: మొదటి భాగం చరిత్ర, భాష, సాహిత్యం, రెండోది ప్రకృతి శాస్త్రాలు, తర్వాత మానవశాస్త్రానికి మూడోది. ప్రతి భాగానికీ పుటలు మళ్ళీ ఒకటి నుంచే మొదలు. అంటే ఒకే సంపుటంలో 45వ పుట రెండు మూడుసార్లు వస్తుంది. భాగం సంఖ్య లేని ప్రస్తావన అసంపూర్ణం. పైగా 1865–1904 మధ్య సమావేశాల కార్యకలాపాలను 'ప్రొసీడింగ్స్' పేరుతో విడిగా వేశారు. ఎవరు సభ్యులయ్యారు, ఎవరు ఏ రాతిపలక పంపారు లాంటి వివరాలు అక్కడుంటాయి, జర్నల్లో వెతికితే దొరకవు. 1905లో 'కొత్త వరస' అంటూ సంపుటాల లెక్క మళ్ళీ 1కి వచ్చింది, 1935లో మరోసారి అలాగే జరిగింది. 'సంపుటం 5' అని ఒక్కటే రాస్తే అది 1836దో, 1909దో, 1939దో చదివేవాళ్ళకు తెలియదు. ఈ సంపుటాల్లో చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవొచ్చు. ప్రకృతి శాస్త్రాల భాగాలకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ మేలు, అక్కడ సంపుటాల వరస శుభ్రంగా పెట్టారు.

ఇప్పుడు అసలు విషయం. సభ్యుల జాబితా పట్టుకుని చూస్తే మీరన్నది నిజమే. 1829 జనవరిలో కార్యదర్శి హోరేస్ హేమన్ విల్సన్ ప్రతిపాదించాక ప్రసన్నకుమార్ ఠాకూర్, ద్వారకానాథ్ ఠాకూర్, రామకమల్ సేన్ మొదలైనవాళ్ళు తొలి భారతీయ సభ్యులయ్యారు. తొలి భారతీయ అధ్యక్షుడు రాజేంద్రలాల్ మిత్ర, 1885లో. కానీ జాబితా పక్కన పెట్టి సంపుటాల విషయసూచిక తెరవండి. 1788 నాటి మొదటి సంపుటంలోనే కాశీ మేజిస్ట్రేటు అలీ ఇబ్రహీం ఖాన్ దివ్యపరీక్షల (నిప్పు, నీరు లాంటివాటితో నేరం తేల్చే పద్ధతుల) గురించి రాసిన వ్యాసం ఉంది, గోవర్ధన్ కౌల్ హిందూ సాహిత్యం మీద రాసింది ఉంది. 41 ఏళ్ళ పాటు వ్యాసానికి చోటుంది, మనిషికి కుర్చీ లేదు. ఈ సంఘం చరిత్ర రాసేవాళ్ళు సభ్యత్వాన్నే కొలమానంగా పెట్టుకుంటే సగం చరిత్ర జారిపోతుంది. తెలుగువాళ్ళ చరిత్రయితే దాదాపు మొత్తం పోతుంది.

9వ సంపుటం, కలకత్తా 1807, తీసి చూడండి. జైనుల మీద ఒక కథనం ఉంది. ముద్గేరి అన్న ఊళ్ళో ఒక జైన పూజారి దగ్గర సేకరించారని, మేజర్ మెకంజీ కోసం అనువదించినది 'కవెల్లి బోరియా, బ్రాహ్మణుడు' అని శీర్షికలోనే అచ్చయి ఉంది. ఆయన కావలి వెంకట బొర్రయ్య, ఏలూరు మనిషి. 1796లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు, 1803లో 26 ఏళ్ళకే చనిపోయాడు. అంటే తన పేరు అచ్చులో చూసుకోలేదు. మెకంజీ అంతకుముందు దక్షిణాదిలో పదేళ్ళకు పైగా తిరిగినా భాషలు రాక లోపలికి పోలేకపోయాడు. భారతీయ విజ్ఞానపు వాకిట్లోకి తన తొలి అడుగు బొర్రయ్య పరిచయంతోనే పడిందని 1817 నాటి ఉత్తరంలో తనే రాసుకున్నాడు. ఊరూరికీ మనుషుల్ని పంపి కరణాల దగ్గర కవిలెలు (ఊరి పాత లెక్కల, చరిత్రల పుస్తకాలు) రాయించుకోవడం, శాసనాలకు నకళ్ళు తీయించడం, పూజారుల్ని, పెద్దల్ని అడిగి రాసుకోవడం అన్న పద్ధతి నిలబడింది బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య చేతుల మీదే.

ఇలాంటివి వెతికేటప్పుడు ఇప్పటి పేర్లు పనిచేయవు. 1798 నాటి 5వ సంపుటంలో మెకంజీ రాసిన శ్రీశైలం వర్ణన ఉంది, కానీ 'శ్రీశైలం' అని వెతికితే రాదు. శీర్షికలో ఉన్నది 'పెర్వుట్టం'. పర్వతం, శ్రీపర్వతం అని జనం అన్నమాటను చెవికి వినబడ్డట్టు రాసుకున్నాడు. అమరావతి గురించి 9వ సంపుటంలోనే ఉంది, స్తూపం దిబ్బను స్థానికులు పిలిచిన 'దీపాలదిన్నె' పేరుతో కూడా వెతకండి. లక్ష్మయ్య 'లెచ్మయ్య', 'లుచ్మయ్య' అవుతాడు. మచిలీపట్నం 'మసులిపటాం'. తెలుగు భాషకు 'తెలింగ', 'జెంటూ', 'తెలూగూ' మూడూ చూడాలి. 'జెంటూ' దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మద్రాసు కాగితాల్లో జెంటూ అంటే తెలుగు, బెంగాల్ కాగితాల్లో జెంటూ అంటే హిందువు. 1776 నాటి 'జెంటూ చట్టాలు' పుస్తకం చూసి తెలుగు చట్టాలనుకుంటే కొంప మునుగుతుంది.

మనిషి చేసినదీ ప్రకృతి ఇచ్చినదీ రెండూ తమ పరిధిలోవే అని జోన్స్ మొదట్లోనే చెప్పాడు కాబట్టి మొక్కల వైపు కూడా చూడండి. సామర్లకోటలో కంపెనీ తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్ మోదుగ జాతి మీద రాసినది 3వ సంపుటంలో ఉంది. చరిత్ర విద్యార్థులు ఈ భాగాలను ముట్టుకోరు గానీ గోదావరి జిల్లాల 18వ శతాబ్దపు సమాచారం అక్కడ దొరుకుతుంది.

లక్ష్మయ్య సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సొసైటీ స్వభావం మొత్తం అందులో కనిపిస్తుంది. మెకంజీ 1821 మేలో కలకత్తా దగ్గర చనిపోయాడు. ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొంది. విల్సన్ 1828లో రెండు సంపుటాల జాబితా ప్రచురించాడు. ఆ జాబితా వివరణల్లో ఎక్కువ భాగం మెకంజీ దగ్గర పనిచేసిన పండితుల సారాంశాల మీద ఆధారపడినవే, విల్సన్‌కు దక్షిణాది భాషలు రావు. దక్షిణాది భాషల రాతప్రతులు మద్రాసు చేరాక, సగంలో ఆగిన సేకరణను తను కొనసాగిస్తానని లక్ష్మయ్య ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. పాతికేళ్ళ పైచిలుకు అనుభవం, జిల్లాజిల్లాకూ ఉన్న పరిచయాలు ఆయన ఆస్తి. ప్రభుత్వం కలకత్తా సొసైటీ అభిప్రాయం అడిగింది. కార్యదర్శిగా ఉన్న ప్రిన్సెప్ ఇచ్చిన జవాబు 1836 జర్నల్, 5వ సంపుటంలో ఉంది. సారాంశం ఇది: ఇంత పెద్ద పనికి విషయాలను సాధారణీకరించడం అలవాటున్న, శాసనాలకూ ఐతిహ్యాలకూ విలువ కట్టగల పెద్ద బుర్ర కావాలి, ఈయనకే కాదు, ఏ స్థానికుడికీ ఆ అర్హత ఉందనలేం, సహాయకులుగా పనికిరావచ్చు. పని విలియం టేలర్ అనే మత ప్రచారకుడికి అప్పజెప్పమని సూచించారు, అలాగే జరిగింది. టేలర్ నివేదికలు మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌లో వరసగా వచ్చాయి.

ఏళ్ళు గమనించండి. అప్పటికి భారతీయులకు సభ్యత్వం ఇచ్చి 7 సంవత్సరాలు దాటింది. తలుపు తెరిచాక కూడా సేకరణ మనవాళ్ళది, తీర్మానం వాళ్ళది అన్న విభజన చెక్కుచెదరలేదు. '1829తో వివక్ష ముగిసింది' అని మీ వ్యాసంలో రాయకండి. ఇంకో సంగతి: సరిగ్గా ఆ 1829లోనే కావలి సోదరుల్లో మరొకడు, వెంకట రామస్వామి, దక్కన్ కవుల జీవితాల మీద ఇంగ్లీషు పుస్తకం కలకత్తాలోనే అచ్చువేయించాడు. నన్నయ, తిక్కన లాంటి కవుల గురించి ఇంగ్లీషులో చదవడానికి అప్పట్లో అంతకు మించి ఏమంత లేదు. సాధారణీకరించే శక్తి ఏ స్థానికుడికీ లేదన్న మాటకు ఏడేళ్ళ ముందే, అదే ఊళ్ళో అచ్చులో ఉన్న జవాబు ఆ పుస్తకం.

ప్రిన్సెప్‌ను దీనితో కొట్టిపారేయడం కూడా తప్పే. లక్ష్మయ్యను కాదన్న మరుసటి ఏడే, 1837లో, బ్రాహ్మీ లిపిని చదివినది ఆయనే. ఎలా చదివాడో తెలుగు చదువరికి ఇట్టే అర్థమవుతుంది. సాంచీ స్తూపం కంచెరాళ్ళ మీద చిన్నచిన్న శాసనాల నకళ్ళు వచ్చాయి. చాలావాటి చివర అవే రెండక్షరాలు, రెండోదాని పక్కన ఒక చుక్క. గుడికి రాళ్ళిచ్చిన భక్తులు పేరు చెక్కించుకుంటారు కదా, అయితే చివరి మాట 'దానం' కావాలి. 'ద', 'న', సున్నా మూడూ ఒక్కసారి దొరికాయి. దానికి ముందు పదేపదే వచ్చే అక్షరం 'ఫలానావారి' అనే షష్ఠీ ప్రత్యయం 'స' అయి తీరాలి. అక్కణ్ణుంచి మిగతా అక్షరాలు వారాల్లో విడిపోయాయి. పాఠాలు చదవడంలో కమలాకాంత విద్యాలంకార్ పక్కనే ఉన్నాడు. శాసనాల్లోని 'దేవానాంపియ పియదసి' సింహళ రాజని ప్రిన్సెప్ మొదట పొరబడ్డాడు. సింహళంలో పాళీ గ్రంథాలు చదువుతున్న జార్జ్ టర్నర్ ఆయన అశోకుడని తేల్చాడు. అందుకే అశోకుడి మీద ప్రిన్సెప్ వ్యాసాల్లో ఏ నెల సంచికలోది చదువుతున్నారో చూసుకోవాలి. ముందు నెలలో అన్నమాట తర్వాతి నెలలో తనే దిద్దుకున్నాడు. అమరావతి నుంచి వచ్చిన శాసనాలు కూడా ఆ ఏటి, 6వ సంపుటంలోనే ఉన్నాయి. ఆనాడు కలకత్తా చేరిన అమరావతి పలకలు సొసైటీలో ఇప్పుడు లేవు. 1814లో మొదలైన సొసైటీ మ్యూజియం సేకరణ 1866 చట్టంతో ఇండియన్ మ్యూజియానికి వెళ్ళిపోయింది. పలకలు చూడాలంటే ఆ మ్యూజియం ఉన్న చౌరంగీ వెళ్ళాలి, సొసైటీ ఉన్న పార్క్ స్ట్రీట్ కాదు.

సొసైటీ పుటల్లో దొరకని ముఖ్యమైన సంగతి కూడా ఒకటి చెప్పాలి. తెలుగు సంస్కృత జన్యం కాదు, దక్షిణాది భాషలది వేరే కుటుంబం అన్న నిరూపణ ఈ సంఘం నుంచి రాలేదు. కలకత్తా పండితులకు సంస్కృతమే కేంద్రం, దేశభాషలన్నీ దాన్నుంచే వచ్చాయన్నది అక్కడ బలంగా ఉన్న అభిప్రాయం. దాన్ని ఖండించినది మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, 1816లో, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో. అందుకు ఆధారాలు మద్రాసు పండితుడు పట్టాభిరామశాస్త్రి దగ్గర నుంచీ మామిడి వెంకయ్య నిఘంటువు నుంచీ వచ్చాయి. ద్రావిడ భాషల చరిత్ర కోసం కలకత్తా జర్నల్ తిరగేసి 'ఏమీ లేదు' అని రాసేవాళ్ళు చేసే పొరపాటు ఇదే, వెతికిన ఊరు తప్పు.

అలాగే గ్రామ కైఫీయతులు, అంటే మెకంజీ మనుషులు ఊరూరా రాయించిన స్థానిక చరిత్రలు, ఏషియాటిక్ సొసైటీలో ఉంటాయనుకోకండి. మూల ప్రతులు, నిఘంటుకారుడు సి.పి. బ్రౌన్ రాయించిన నకళ్ళు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వైపు. ఇంగ్లీషు అనువాదాలు, మెకంజీ కాగితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో. లండన్‌లోని కంపెనీ కార్యాలయం ఇండియా హౌస్‌లో పడి ఉన్న దక్షిణాది రాతప్రతులను తిరిగి మద్రాసుకు తెప్పించినది కూడా బ్రౌనే.

మీ పని వరస ఇలా పెట్టుకుంటే వృథా తిరుగుడు తగ్గుతుంది. ముందు ఏషియాటిక్ రీసెర్చెస్ 20 సంపుటాల విషయసూచికలు మాత్రమే చదవండి, రెండు రోజుల పని. శీర్షికల్లో 'కోసం అనువదించిన', 'అందజేసిన' అన్న మాటలు కనిపించిన ప్రతిదీ పక్కన రాసుకోండి, మన పేర్లు అక్కడే ఉంటాయి. తర్వాత 1832–1840 జర్నల్ సంచికల్లో నెలవారీ సమావేశాల నివేదికలు చదవండి, వ్యాసాల కంటే వాటిలోనే ఎవరు ఏమి పంపారో తెలుస్తుంది. ఆ తర్వాత మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌లో టేలర్ నివేదికలు, వాటి పక్కన విల్సన్ 1828 జాబితా పెట్టుకుని ఒక్కో రాతప్రతి సరిచూడండి. కలకత్తా ప్రయాణం చివర పెట్టుకోండి. పార్క్ స్ట్రీట్‌లో 1808 నాటి పాత భవనం, పక్కనే 1965లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన కొత్త భవనం ఉంటాయి. అచ్చులో లేని ఉత్తరాలు, కమిటీ కాగితాలు ఏ తేదీలవి కావాలో ముందే రాసుకుని వెళ్ళండి. లక్ష్మయ్య అర్జీ గురించయితే 1836లో ఆగకుండా దానికి ముందు రెండు మూడేళ్ళవి కూడా అడగండి.